ఈ సీజన్ అనిమేల గురించి నన్ను పదే పదే అడిగే ప్రశ్నలు, అనంతపురం నుంచి జవాబులు

అనిమే అంటే జపాన్ వాళ్ళ బొమ్మల సీరియళ్ళు, సినిమాలు. టీ అంగడి కాడ, పెండ్లిళ్ళలో, కాలేజీ వాట్సాప్ గ్రూపులో వీటి మీద అందరూ అవే ప్రశ్నలు అడుగుతాండారు, నేను ప్రతిసారీ మొదటి నుంచి చెప్పి చెప్పి నోరు నొస్తాంది. అందుకే ఒకేసారి రాసి పెట్టుకుంటాండా, ఇంక ఎవరడిగినా ఇదే పంపించేస్తా. ఇది 2025 సెప్టెంబర్ మూడో వారంలో రాసింది, అంటే జులై సీజన్ అయిపోతా ఉండాది, అక్టోబర్ది ఇంకా మొదలు కాలేదు. కథలు పెద్దగా బయటపెట్టలే, అయినా ఏమీ తెలియకుండా చూడాలనుకునేటోళ్ళు ఈడే ఆగిపోండి.

26 ఏండ్లొచ్చినాయి, ఇంకా బొమ్మల సినిమాలు చూసేదేందప్పా?

ఇది మా మామ ప్రశ్న, సంక్రాంతికి ఒకసారి, ఉగాదికి ఒకసారి తప్పకుండా అడుగుతాడు. నేను ఆయన్ని తిరిగి ఒకటే అడుగుతా, మీ చిన్నప్పుడు ఊర్లో తోలుబొమ్మలాట ఆడితే తెల్లారేదాకా దుప్పటి కప్పుకొని కూర్చున్నది పిల్లోళ్ళా, పెద్దోళ్ళా? పిల్లోళ్ళు సగం ఆటకే నిద్రపోయేటోళ్ళు కదా. రావణాసురుడు బొమ్మ అయినంత మాత్రాన ఆ కథ పిల్లల కథ అయిపోయిందా? దీనికి మామ దగ్గర జవాబు లేదు, "ఉద్యోగం సంగతి చూడు" అని మాట మార్చేస్తాడు.

అయినా ఒక మాట ఒప్పుకోవాల. వస్తున్నవాటిలో ఎక్కువ భాగం చెత్తే. లారీ గుద్ది చచ్చిపోయి ఇంకో లోకంలో పుట్టి అందరికంటే బలంగా అయ్యే హీరో కథ సీజన్‌కి ఎన్ని వస్తాయో లెక్కే లేదు, ఆ లారీ డ్రైవర్ లైసెన్సు ఇంకా ఎందుకు రద్దు చేయలేదో నాకు అర్థం కాదు.

సీజన్ అంటే ఏంది, కూర్ అంటే ఏంది?

జపాన్ టీవీలో జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో కొత్తవి మొదలైతాయి. మూడు నెలల ముక్కని కూర్ అంటారు, మన కూర కాదు. వారానికి ఒక ఎపిసోడ్, 12 గానీ 13 గానీ. రెండు కూర్‌లు వరసగా వస్తే 24 నుంచి 26 దాకా పోతుంది. వాళ్ళ టైము మనకంటే మూడున్నర గంటలు ముందు, శానా అనిమేలు అక్కడ అర్ధరాత్రి దాటినాక వేస్తారు, కాబట్టి మనకి రాత్రి అన్నం తినే టైముకి వచ్చేస్తాయి. అంతే, ఇంతకంటే తెలుసుకోవాల్సింది లేదు.

ఈ సీజన్‌లో ఒకటే చూడాలంటే ఏది?

ది సమ్మర్ హికారు డైడ్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఓపిక పట్టండి.

జపాన్‌లో కొండల మధ్య ఒక చిన్న ఊరు. ఎండాకాలం. యోషికి, హికారు అని ఇద్దరు ఫ్రెండ్స్, చిన్నప్పటి నుంచి ఒకే జట్టు. హికారు ఒకరోజు కొండకి పోయి వారం దాకా కనపడకుండా పోయి తిరిగొస్తాడు. అదే ముఖం, అదే మాట, అవే జోకులు. కానీ వచ్చింది హికారు కాదని యోషికికి తెలుసు. "నువ్వు వాడివి కాదు కదా" అని మొదటి ఎపిసోడ్‌లోనే మొహం మీద అడిగేస్తాడు, వేరే కథ అయితే ఈ మాట చివరి ఎపిసోడ్ దాకా దాచేటోళ్ళు. ఆ వచ్చింది ఏడుస్తా ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతుంది. అప్పుడు ఈ పిల్లోడు ఏం చేసినాడు? అరిచినాడా, పరిగెత్తినాడా? లేదు, వాడు ఎట్లాగూ లేడు, కనీసం వాడి మాదిరి ఉండేది ఒకటి పక్కన ఉంటే చాలు అనుకున్నాడు. అక్కడ నాకు వెన్నులో చలి పుట్టింది. దయ్యం వల్ల కాదు, ఆ పిల్లోడి ఒంటరితనం వల్ల.

మన పల్లెల్లో పెరిగినోళ్ళకి ఈ అనిమే వేరే మాదిరి తగులుతుంది. మధ్యాన్నం ఒంటిగంటకి వీధిలో ఒక్క మనిషి ఉండడు, పురుగుల రొద తప్ప ఏ చప్పుడూ ఉండదు, ఒక అంగడి, ఆ అంగడి కాడ కూర్చుని ఎవరింట్లో ఏం జరిగిందో మొత్తం తెలిసిన ముసలమ్మలు, ఫలానా పొద్దులో ఆ గుట్ట పక్కకి పోవద్దని పెద్దోళ్ళు అనడం, ఎందుకని అడిగితే నోరు మూసుకోమనడం. నేను మా అమ్మమ్మ ఊరు చూస్తాండానేమో అనుకున్నా. తేడా అల్లా వాళ్ళ కొండలు పచ్చగా ఉండాయి, మనవి బండలు తేలి ఉండాయి. సౌండ్ కోసమే దీన్ని హెడ్‌ఫోన్స్ పెట్టుకొని చూడాల. ఆ పురుగుల రొద ఒక్కసారి టక్కున ఆగిపోతుంది చూడండి, ఆ రెండు సెకన్లకి నాకు నీళ్ళు తాగబుద్ధి అయింది.

చేసింది సైగేమ్స్ పిక్చర్స్ అనే స్టూడియో, అందరి నోళ్ళలో నానే పేరు కాదు. నెట్‌ఫ్లిక్స్‌లో వారం వారం వస్తాంది. 12 ఎపిసోడ్‌లు, ఇంకొకటి మిగిలి ఉండాది.

డాండడాన్ రెండో సీజన్ మొదటిదాని మాదిరి ఉందా?

మొదటిది 2024 డిసెంబర్‌లో ఎక్కడ ఆపినారో గుర్తుందా, హీరోయిన్ మోమో వేడినీళ్ళ స్నానానికి పోయిన చోట మగోళ్ళు దూరడం, అట్లాంటి చోట కథ ఆపి ఆరు నెలలు కూర్చోబెట్టినారు, ఆ కోపం నాకింకా పోలే. ఆ సీన్ అవసరమా అని కూడా నా ప్రశ్న. ఫైటింగులు, రంగులు, ఆ కెమెరా తిరిగే తీరు, వీటిలో సైన్స్ సారు స్టూడియో వాళ్ళకి వంక పెట్టలేం, అదే స్టూడియో ఒక ఆడపిల్ల భయాన్ని ఎపిసోడ్ చివర కొసరు మాదిరి వాడుకుంటే మాత్రం నాకు నచ్చలే. అభిమాని అయితే అన్నిటికీ చప్పట్లు కొట్టాలని ఏం లేదు.

ఇంక రెండో సీజన్ కథంటారా, బాగుంది. ఊరి కింద పెద్ద పురుగు, దానికి తరతరాలుగా మనుషుల్ని బలిచ్చే ఒక కుటుంబం, ఆ ఇంట్లో చిక్కుకున్న ఈవిల్ ఐ అనే దయ్యం. ఆ ఈవిల్ ఐ చిన్నపిల్లోడప్పటి కథ వచ్చే చోట మాటలు శానా తక్కువ పెట్టినారు, దానికే దెబ్బ గట్టిగా పడింది. తర్వాత వాడు మోమో చిన్నప్పటి ఫ్రెండ్ జీజీ ఒంట్లో దూరతాడు, చన్నీళ్ళు పడితే ఈవిల్ ఐ, వేన్నీళ్ళు పడితే మళ్ళీ జీజీ. మన బోరు నీళ్ళు పడితే ఎవరొస్తారో, ఎండాకాలంలో అవి ఎట్లాగూ కాగే ఉంటాయి.

మోమో వాళ్ళ అవ్వ సేకో మాత్రం నా ఫేవరెట్ క్యారెక్టర్. సిగరెట్ నోట్లో పెట్టుకొని దయ్యాల్ని తిట్టే అవ్వ మన పక్క ఉండింటే సోదెకి వారం ముందే టోకెన్లు అయిపోయేవి.

గచియకుటా చూడొచ్చా, చెత్త కుప్పల మీద అనిమే అంట కదా?

చూడొచ్చు కాదు, చూడాల, అది కూడా దసరా లోపల మొదలుపెట్టండి, ఎందుకో చెప్తా.

రూడో అనే పిల్లోడు, పైన ఒక లోకం, పైనోళ్ళు పనికిరాని సామాను, పనికిరాని మనుషులు రెండిటినీ కిందికి పారేస్తారు. సాకిన మనిషిని చంపినాడని వీడి మీద అబద్ధపు నేరం పెట్టి వీడినీ పారేస్తారు. కింద పడినాక తెలుస్తుంది, ఒక వస్తువుని ఏండ్ల తరబడి ప్రేమగా వాడుకుంటే దానికి ప్రాణం వస్తుందని, అది ఆయుధం అవుతుందని. వాటిని జింకి అంటారు. రూడోది చేతి గ్లౌజులు.

ఇది చూసి ఆయుధపూజ గుర్తు రాకపోతే నువ్వు ఈ జిల్లాలో పుట్టలేదప్పా. మెకానిక్ షెడ్లో పానాలకి కూడా కుంకం పెడతారు, టైలరు మిషన్‌కి పూలదండ, లారీ టైర్ల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ పగలగొట్టడం. మా నాయన 1998లో కొన్న స్కూటర్ స్టార్ట్ కాక ఎనిమిదేండ్లు అయింది, అయినా ప్రతి ఏడాదీ దాన్ని కడిగి బొట్టు పెడతాడు, పాత ఇనుముకి వేసేద్దామంటే ఇంట్లో యుద్ధమే. జింకి అంటే ఏందో నాకు ఎవురూ వివరించనక్కర్లే, వసారాలోనే ఉండాది.

కథ గొప్ప కొత్తదని చెప్పను, కోపిష్టి పిల్లోడు, టీము, ట్రైనింగు, అన్నీ తెలిసిన మెట్లే. కానీ గోడల మీద స్ప్రే బొమ్మలు వేసినట్టుండే ఆ గీత, ఆ మురికి, బోన్స్ ఫిల్మ్ స్టూడియో వాళ్ళు దాన్ని శుభ్రం చేయకుండా అట్లే ఉంచినారు. ఇది రెండు కూర్‌లు, డిసెంబర్ దాకా ఉంటుంది.

కైజు నంబర్ 8 ఎవరికి నచ్చుతుంది?

పొద్దున అయిదు గంటలకి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి పోయి చూడండి, 1600 మీటర్లు ఉరుకుతా రొప్పుతా ఉంటారే పిల్లోళ్ళు, కానిస్టేబుల్ కోసం, వాళ్ళకి నచ్చుతుంది. హీరో కాఫ్కాకి 32 ఏండ్లు. డిఫెన్స్ ఫోర్స్ పరీక్ష ఎన్నోసార్లు తప్పి, చచ్చిన రాక్షసుల శవాలు కడిగే పనిలో చేరినోడు. వయసు పరిమితి పెంచినారని తెలిసి మళ్ళీ అప్లై చేస్తాడు. వయసు పరిమితి పెంచినారన్న వార్త విని ఎగిరే మనిషిని చూస్తే జపాన్ వాళ్ళకి నవ్వొస్తుందేమో, మన రూములో మాత్రం ఎవురూ నవ్వలే, మా వాడొకడు నాలుగోసారి రాస్తాండాడు.

అయితే ఆ కాఫ్కా మొదటి సీజన్‌లో ఉండాడు. జులైలో వచ్చిన రెండో సీజన్‌లో వాడు ఒక పక్కకి పోయి వేరే కెప్టెన్లు, వాళ్ళ ఆయుధాలు, కొట్లాటలు ఎక్కువైనాయి. నరుమి అని వీడియోగేముల పిచ్చి కెప్టెన్ వస్తాడు, వాడు బాగుండాడు. మిగతాది చూసినాక గుర్తుండదు. ప్రొడక్షన్ ఐజీ స్టూడియో వాళ్ళ పనితనానికి పేరు పెట్టేది లేదు, కథే పల్చబడింది. దీనికి మూలమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల పుస్తకం, అది కూడా ఈ జులైలోనే అయిపోయింది.

తెలుగు డబ్ ఎట్లుంది? సబ్ చూడాలా డబ్ చూడాలా?

దీని మీద నాకు, నా రూమ్మేట్లకి రాత్రి రెండు దాకా గొడవ జరిగింది, పక్క రూమోళ్ళు తలుపు కొట్టినారు.

ముందు మంచి మాట. సోలో లెవెలింగ్ తెలుగులో వచ్చింది, డీమన్ స్లేయర్ కొత్త సినిమా తెలుగులో థియేటర్‌కే వచ్చింది. మేము ఇంటర్‌లో ఉన్నప్పుడు ఇది కలలో కూడా లేదు. మా పిన్ని కొడుకు ఏడో తరగతి, ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదివే లోపల సీన్ అయిపోతుంది వానికి, వాడు డబ్‌లోనే చూస్తాడు, డబ్ చూసేటోళ్ళని తక్కువ చేసి మాట్లాడే సీనియర్లంటే నాకు ఒళ్ళు మంట.

ఇప్పుడు అసలు బాధ. మన డబ్‌లో అందరూ ఒకే తెలుగు మాట్లాడతారు. రాజు అదే, రౌడీ అదే, పల్లెటూరి ముసలోడు అదే, ఏడో తరగతి పిల్లోడు కూడా "నేను నిన్ను ఎన్నటికీ క్షమించను" అంటాడు. ఏ ఊర్లోనప్పా పిల్లోళ్ళు అట్ల మాట్లాడేది? జపాన్‌లో వాళ్ళు యాసలు ఎంత జాగ్రత్తగా వాడతారో హికారు చూస్తేనే తెలుస్తుంది, ఆ ఊరోళ్ళంతా ఆ పక్క యాసలోనే మాట్లాడతారు, టోక్యో భాష కాదు. జపనీస్ రాని నాకే ఆ సాగదీత వినపడింది. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌లో అది మొత్తం చచ్చిపోతుంది, రేపు తెలుగు డబ్ వస్తే అక్కడా చచ్చిపోతుందని నా భయం.

మన రాయలసీమ యాసకి పని ఎప్పుడొస్తుంది? సినిమాలో సుమో డోర్ తీసి కత్తి పట్టుకొని దిగేటప్పుడు. అంతే కదా. ఈ యాసలో ఇద్దరు పిల్లోళ్ళు సైకిల్ తోసుకుంటా ఐస్ తింటా మాట్లాడుకోవడం ఎవరన్నా తెర మీద చూపించినారా? హికారు, యోషికి మన యాసలో మాట్లాడితే ఎట్లుంటుందో ఒకసారి అనుకోండి. "నువ్వు హికారువి కాదు కదా" బదులు "నువ్వు వాడు కాదులే, నాకు తెలుసులే" అని మెల్లగా అంటే? నాకు రాసేటప్పుడే రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

సబ్ ముఖ్యమా డబ్ ముఖ్యమా అంటే, నాకు గొంతు ముఖ్యం. జపనీస్ గొంతులు ఇప్పటికి ముందుండాయి, నేను సబ్బే చూస్తా. మన డబ్బింగ్ ఆర్టిస్టులకి చేతకాక కాదు, వాళ్ళ చేతికిచ్చే మాటలు పుస్తకంలోవి.

డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ ఎట్లుంది?

సెప్టెంబర్ 12న మన దేశంలో రిలీజ్, మేము నలుగురం ఆ శనివారం బెంగళూరుకి పోయినాం, రెండొందల కిలోమీటర్ల పైనే, పొద్దున ఉగ్గాని బజ్జీ తిని బస్సెక్కితే మధ్యాన్నం షోకి అందుకున్నాం. 2 గంటల 35 నిమిషాల సినిమా. యూఫోటేబుల్ స్టూడియో వాళ్ళు ఆ రాక్షసుల కోటని తిప్పుతా ఉంటే సీటు పట్టుకొని కూర్చోవాల్సిందే, పెద్ద తెర మీద కాకపోతే దండగ.

కంప్లైంట్ ఉందా? ఉంది. కత్తి ఎత్తినప్పుడు ఫ్లాష్‌బ్యాక్, దించినప్పుడు ఫ్లాష్‌బ్యాక్. టీవీలో వారం వారం చూస్తే ఇది తెలియదు, ఒకే కూర్చుడులో చూస్తే బండి గతుకుల రోడ్డు మీద పోయినట్టుంటుంది. కానీ అకాజా అనే రాక్షసుడి పాత కథ వచ్చినప్పుడు మాత్రం నా పక్కనోడు ముక్కు చీదుకున్నాడు, నేను చూడనట్టు నటించినా, వాడు కూడా నన్ను చూడనట్టు నటించినాడు. ఇది మూడు భాగాల్లో మొదటిది, కాబట్టి ముగింపు ఆశించి పోవద్దు.

వన్ పీస్ ఇప్పుడు మొదలుపెట్టొచ్చా?

ఈ సముద్రపు దొంగల కథ 1999 అక్టోబర్ నుంచి వస్తాంది, 1100 ఎపిసోడ్‌లు దాటినాయి. రోజుకి మూడు చూసినా ఏడాది పడుతుంది. నీ ఇష్టం.

నేను మాత్రం వదలను. పోయిన ఏడాది దాకా జపాన్‌లో ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి వేసేటోళ్ళు, మనకి ఆరు. ఈ ఏప్రిల్ నుంచి రాత్రి 11:15కి మార్చినారు, మనకి 7:45, ఆదివారం రాత్రి చికెన్ అయ్యే టైము. ఎగ్‌హెడ్ అనే దీవి కథలో బొమ్మలు ఇంత బాగా వస్తాయని పదేండ్ల కింద చెప్తే నమ్మేవాడిని కాదు. నిదానం మాత్రం మారలే, మాంగాలో పది పేజీలు చాలు వాళ్ళకి ఎపిసోడ్ సాగదీయడానికి, ఒకడు ఆశ్చర్యపడితే చుట్టూ ఉన్న పదిమంది ముఖాలు వరసగా చూపిస్తారు, మన డైలీ సీరియల్ మాదిరే.

ఇంట్లో అందరూ ఉన్నప్పుడు చూడగలిగేది చెప్పు.

డాండడాన్ వద్దు. మై డ్రెస్అప్ డార్లింగ్ అసలే వద్దు, వాల్యూమ్ తగ్గించేలోపల పరువు పోతుంది. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు చూడండి, రెండో సీజన్ నిజంగా మంచిది. హీరో గోజో హినా బొమ్మలు, అంటే జపాన్ వాళ్ళ సంప్రదాయ బొమ్మలు, చేసే తాత దగ్గర పెరిగినోడు, బొమ్మ ముఖానికి రంగు వేయడం వాడి ప్రాణం, బట్టలు కుట్టడం వచ్చు, అది స్కూల్లో చెప్పుకోవాలంటే వాడికి సిగ్గు. మన ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఉండాయి, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. ఆ ఊరి పిల్లోడు ఒకడు ఇంజనీరింగ్ కాలేజీలో చేరి "మా ఇంట్లో బొమ్మలు చేస్తారు" అని చెప్పేదానికి ఎంత ఆలోచిస్తాడో నాకు తెలియదు గానీ, గోజో ముఖం చూస్తే మాత్రం అట్లాంటి పిల్లోడే గుర్తొచ్చినాడు. కుట్టుపని సీన్లు తీసిన తీరు చూడండి, గుడ్డ ఎంపిక, కొలత, సూది, ఏదీ దాటేయరు.

అన్నీ అయిపోయినాక ఒకేసారి చూస్తే ఏమైతుంది?

ఏమీ కాదు, చూసింది గుర్తుండదు, అంతే.

అక్టోబర్‌లో ఏం వస్తాండాయి?

మై హీరో అకాడమియా చివరి సీజన్, స్పై ఫ్యామిలీ మూడోది, వన్ పంచ్ మ్యాన్ మూడోది. మొదటి రెండిటికీ భయం లేదు. వన్ పంచ్ మ్యాన్‌కే దేవుడికి మొక్కుకుంటాండా. 2015లో మ్యాడ్‌హౌస్ స్టూడియో వాళ్ళు చేసిన మొదటి సీజన్ చూసే నేను ఈ పిచ్చిలో పడింది, 2019లో రెండోది జేసీ స్టాఫ్‌కి పోయినాక ఫైటింగులు తేలిపోయినాయి, మూడోది కూడా వాళ్ళ చేతిలోనే ఉండాది. ఆరేండ్లు ఆగినాం. బాగలేకపోతే నా ఫోన్ రెండు రోజులు స్విచాఫ్, ఎవురూ చేయొద్దండి.

మీ ఇంట్లో ఇంకెవరన్నా చూస్తారా?

అవ్వ. చూడదు, వింటుంది. ఒక శనివారం రాత్రి కరెంటు పోయి ఫోన్ చార్జింగ్ లేక మంచం మీద కూర్చున్నప్పుడు ఊరికే హికారు కథ చెప్పినా. పేర్లు నోరు తిరగవని హికారుని హరి చేసింది, యోషికిని యోగి చేసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున "ఏమాయరా ఆ హరిగాడు" అని అడుగుతుంది, నేను మన మాటల్లో చెప్తా, మధ్యమధ్యలో ఆమె నన్ను సరిదిద్దుతుంది, దయ్యాలు అట్ల మాట్లాడవంట. పోయిన వారం ఒకటి అడిగినా, అవ్వా నువ్వైతే ఆ వచ్చిందాన్ని ఏం చేస్తావు, భూతవైద్యుణ్ణి పిలుస్తావా అని. కొంచేపు ఆకు నమిలి, "అన్నం తింటాందా అది?" అనింది. తింటాందవ్వా అన్నా. "అయితే ఉండనీలే" అనింది.

చివరి ఎపిసోడ్ వచ్చే శనివారం. ఆమెకి ముందే చెప్పొద్దండి.